నడక నిల్వ చేసుకున్న గానుగ ఎద్దు

వీరన్నపాలెం నూనె గానుగకి కరెంటు మోటారు బిగించిన రోజున గంగన్న మెడ మీంచి కాడి దిగింది. ఇరవై ఏళ్ళు కళ్ళకి గంతలు కట్టుకుని ఒకే చోట గుండ్రంగా తిరిగిన ఎద్దు. యజమాని మంచివాడు. "కష్టపడ్డావురా, ఇక కూర్చుని తిను" అని రోజూ తొట్టి నిండా తెలగపిండి పెట్టించాడు. పని పోయింది గానీ మేత తగ్గలేదు. ఆ మంచితనమే కొంప ముంచిందంటే మీరు నమ్మరు.

నాలుగు నెలలు తిరిగేసరికి గంగన్నకి నాలుగడుగులు వేస్తే ఆయాసం, గుండెల్లో పట్టేసినట్టు నొప్పి. అయినా వాడికో కోరిక ఉంది. ఏరువాక పున్నమినాడు ఊళ్ళో ఎడ్లన్నీ తోరణం కిందికి పరుగు తీస్తాయి. ఏటా ఆ డప్పులు గంతల వెనక నుంచి వినడమే తప్ప వాడు చూసింది లేదు. ఈసారి తనూ పరిగెత్తాలి.

చాకిరేవు గాడిద లచ్చి పెద్దది, లోకం చూసింది. వాడి ఆయాసం చూసి బెంగపడింది.

"తమ్ముడూ, నీ నెత్తుట్లో కొవ్వు చేరింది."

"ఏం చెయ్యమంటావక్కా?"

"తెలగపిండి జోలికి పోకు. పచ్చగడ్డి మెయ్యి, జొన్నచొప్ప నములు. పొద్దునా సాయంత్రం నాతో రేవు దాకా నడువు. ఒక్కరోజులో వచ్చింది కాదు, ఒక్కరోజులో పోదు. ఏరువాకకి మూడు నెలలుంది. చాలు."

ఐదు రోజులు నడిచాడు. కాస్త ఊపిరి ఆడినట్టే అనిపించింది కూడా. ఆరో రోజు కంచె పక్కన నక్క ఎదురైంది.

"ఎక్కడికి బావా?"

"నడకకి."

"నీకు నడకా?" నక్క బుగ్గలు నొక్కుకుంది. "ఇరవై ఏళ్ళు తిరిగావు. అదంతా పోగేస్తే కాశీకి పదిసార్లు పోయి రావచ్చు. ఆ నడకంతా నీ ఒంట్లోనే ఉంది బావా. నడవాల్సింది నిన్నగాక మొన్న పుట్టిన దూడలు."

నిజమే కదా అనిపించింది గంగన్నకి. తన కష్టాన్ని ఇన్నాళ్ళకి ఒకరు గుర్తించారు.

"మరి తెలగపిండి?"

"తిను. తిన్నాక నాలుగు వేపాకులు నములు. చేదు కొవ్వుని కడిగేస్తుంది."

"నా మీద నీకెందుకింత అక్కర?"

"కష్టజీవిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఏం చెయ్యను."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మర్నాడు లచ్చి పిలిస్తే గంగన్న లేవలేదు.

"నా నడక ఎప్పుడో అయిపోయిందక్కా. వేపాకు వేసుకుంటున్నానుగా."

"తొట్టెడు పిండి మీద గుప్పెడు ఆకులా? మందు మింగి విషం తాగినట్టుంది, తమ్ముడూ."

వాడు మొహం తిప్పుకున్నాడు. లచ్చి రెండు మూడుసార్లు చెప్పి చూసింది, తర్వాత మానేసింది.

ఏరువాక వచ్చింది. కొమ్ములకి రంగులు, మెడలో గంటలు, డప్పులు. తోరణం కళ్ళారా చూశాడు గంగన్న. ఆనందంతో పరుగందుకున్నాడు. నలభై అడుగులు వేశాడో లేదో, ముందుకాళ్ళు మడతపడ్డాయి. మిగతా ఎడ్లు వాణ్ణి దాటుకుని వెళ్ళిపోయాయి.

లచ్చి పరుగున వచ్చి పక్కన నిలబడింది.

"ఇరవై ఏళ్ళు నడిచాను కదక్కా," అన్నాడు రొప్పుతూ, "ఆ నడకంతా ఏమైంది?"

"అది ఆనాటి మేతకే సరిపోయింది, తమ్ముడూ."

ఆ మాట విన్నాడో లేదో తెలీదు. కళ్ళు తోరణం వైపే ఉండిపోయాయి. మధ్యాహ్నం బండికి కట్టి ఈడ్చుకెళ్ళి ఊరవతల బీట్లో పడేశారు. సాయంత్రానికి నక్క పెళ్ళాం పిల్లలతో సహా వచ్చింది.

"బాగా కొవ్వు పట్టిందే" అంది పెళ్ళాం.

"మూడు నెలలు మేపాను మరి" అంది నక్క.

నీతి: నిన్నటి నడక నేటి తిండిని అరిగించదు.