గవరమ్మ గంప

అనగా అనగా, వాగుకి వంతెన లేని కాలంలో, కొండకింద ఒక ఊరుండేది. ఆ ఊరి చివరింట్లో గవరమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. అయినా ఇల్లెప్పుడూ సందడే. చూరు కింద పావురాలు, పెరట్లో కోళ్ళు, మంచం కింద కుందేళ్ళు, భుజం మీద రెక్క విరిగిన రామచిలుక.

తెల్లారితే చాలు, ఒక్కోదాన్నీ ఒళ్ళోకి తీసుకునేది. కన్ను చూసేది, కాలు చూసేది, రెట్ట చూసేది. "నోరున్నోళ్ళు చెప్పుకుంటారు. నోరులేని వాటిని మనమే చూసుకోవాల" అనేది.

ఎవరి కోడికి కాలు వాచినా, ఎవరి పెట్టకి గుడ్డు అడ్డం పడినా ఆడాళ్ళు గవరమ్మ గుమ్మంలోకే వచ్చేవారు. ఆమె పసుపు అద్దేది, వేన్నీళ్ళ కాపడం పెట్టేది. మగాళ్ళు మాత్రం "కోళ్ళ గవరమ్మ" అని నవ్వేవారు.

ఒక ఏడు వాగవతల కొక్కెర తెగులు పుట్టింది. పొద్దున్న తిరిగిన కోడి సాయంత్రానికి మెడ వాల్చేసేది. ఒక ఊళ్ళో కోడికూత ఆగిపోయింది. రెండో ఊళ్ళో ఆగిపోయింది. మూడో ఊళ్ళోనూ ఆగిపోయింది. ఆ మాట విన్న గవరమ్మకి ముద్ద దిగలేదు. ఇల్లిల్లూ తిరిగింది. "తెగులు తనంతట తాను వాగు దాటదమ్మా. మనమే ఎత్తుకొస్తాం. బయటి కోడిని ఊళ్ళోకి తేకండి."

సరిగ్గా అప్పుడే ఊరిపెద్ద జోగినాయుడు వాగవతల పందెం గెలిచి వస్తున్నాడు. చంకలో డేగపుంజు, వెనక డప్పులు.

గవరమ్మ పరుగున వెళ్ళి వాగు గట్టున దారికి అడ్డంగా నిలబడింది. అంతవరకూ నాయుడి ముందు ఆమె తలెత్తింది లేదు.

"తప్పుకో గవరమ్మా" అన్నాడు నాయుడు.

"తమరు రండి బాబూ. కోడి ఆగాల."

"నా డేగకి రోగమా? మూడు పుంజుల్ని పడగొట్టి వస్తోంది. తప్పుకో!"

"తమరు రండి బాబూ. కోడి ఆగాల."

నాయుడు కర్ర ఎత్తాడు. గవరమ్మ కళ్ళు మూసుకుంది. నోరు మాత్రం మూసుకోలేదు.

"కొడితే కొట్టండి. తమరు రండి బాబూ. కోడి ఆగాల!"

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది, తన పెట్టకి గవరమ్మ చేత కాపడం పెట్టించుకున్నామె. ఇంకొకతె వచ్చింది. మరొకతె వచ్చింది. ఆఖర్న నాయుడి తల్లి, నడుం వంగిన ముసలమ్మ, వచ్చి నిలబడింది.

"నా పెట్ట బతికింది దీని చేతిలోనేరా జోగీ. చెప్పినట్టు చెయ్యి."

నాయుడు కర్ర దించాడు. గవరమ్మ చెప్పినట్టే డప్పులవాళ్ళతో సహా వాగులో మునిగి, బట్టలు ఉతికించుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. ఆమె డేగని గట్టు మీదే గంప కింద పెట్టింది. తన పిట్టల్ని పొరుగామెకి అప్పగించి, "నా చేతికీ తెగులు అంటుకునుంటాది, నేనూ రాను" అని అక్కడే ఉండిపోయింది.

మర్నాటికి డేగ ముడుచుకుపోయింది. గవరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుడ్డ తడిపి చుక్క చుక్కగా నీళ్ళు పట్టింది. నిలవలేదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చి, సొంత కోడి పోయినట్టే ఏడ్చింది. దూరంగా నిలబడి చూస్తున్న నాయుడు "ఇది ఊళ్ళోకి వచ్చుంటే..." అన్నాడు.

ఆ మర్నాడు గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చున్నది ఎవరనుకున్నారు? జోగినాయుడే! చంకలో కోడితో చుట్టం వస్తే లేచి అరిచేవాడు: "తమరు రండి బాబూ. కోడి ఆగాల!"

తెగులు వాగు దాటలేదు. వానలు పడి అది చల్లారాక ఒక తెల్లారుజామున ఊళ్ళో పుంజులన్నీ ఒక్కసారిగా కూశాయి. ఆ కూత విని వాగవతల జనం వీధుల్లోకి వచ్చేశారు. పందెం డప్పులే మోగుతుండగా ఊరు ఊరంతా గవరమ్మని ఎదురేగి తెచ్చుకుంది. ఆమె ఇంటింటా అడిగి పిల్లల కోళ్ళని గంపలకెత్తించి వాగవతలకి పంపింది. ఒక ఊరు కూసింది. రెండో ఊరు కూసింది. మూడో ఊరూ కూసింది.

గవరమ్మ పోయి ఎన్ని తరాలైందో చెప్పేవాళ్ళు లేరు. కానీ ఆ వైపు ఇప్పటికీ, సంతలో కోడిని కొన్నా, కుందేలుని కొన్నా తిన్నగా ఇంట్లోకి తేరు. కొన్నాళ్ళు దూరంగా గంప కింద ఉంచి కన్ను చూస్తారు, కాలు చూస్తారు, రెట్ట చూస్తారు. ఒంట్లో బాగుందని తేలిన పొద్దున ఇంటి పెద్దామె పసుపునీళ్ళు చల్లి, గంప ఎత్తి పిలుస్తుంది:

"గవరమ్మ రమ్మంది. రావే తల్లీ, లోపలికి రా!"