వంతెనమ్మ తొట్టి మీది గీత

రండర్రా, ఇలా దగ్గరగా జరగండి. చాప మీద కూర్చోండి, వెనకవాళ్లకు కాస్త చోటివ్వండి.

మన వంతెనవలస వాగు మీద రాతి వంతెన ఉంది కదా. దాని మొదట్లో పసుపు పూసిన రాయే వంతెనమ్మ తల్లి. తల్లి ముందు ఛాతీ ఎత్తు రాతి తొట్టి, దానికి లోపలా బయటా చుట్టూ చెక్కిన గీత. దర్శనానికి వచ్చినవారు తొట్టిలో దోసెడు ధాన్యం పోసి, గీతను తాకి కళ్లకద్దుకుంటారు.

పూర్వం ఇక్కడ వంతెన లేదు. వానాకాలంలో వాగు పొంగితే కొండవాళ్ల పసుపు, చింతపండు అవతలి గట్టునే నానిపోయేవి. ఇవతల సంతలో సుంకంగా ఈ తొట్టిలో పడే ధాన్యమే ఊరికి ఆదాయం. దాంతోనే దిక్కులేని ముసలివాళ్లకు అంబలి కాచేవారు. ఆ ధాన్యంతో వంతెన కడితే అంబలి కుండ బోర్లించాలి. సుంకం చూసే సన్యాసినాయుడికి అదే దిగులు.

ఒకనాడు అతని కలలో పసుపు చీర కట్టిన ముసలమ్మ తొట్టి పక్కన నిలబడిందట. "ఏరా నాయుడూ, ఉన్నదాన్ని ఎందుకు ముట్టుకుంటావు? ఇప్పుడు సంతకు ఎంత వస్తోందో అంతవరకు గీత గియ్యి. గీత కిందది ఎప్పటికీ ఊరిదే. వంతెన వచ్చాక గీత దాటి పెరిగేది, దాన్ని కట్టినవాడికి పన్నెండేళ్లపాటు చెందుతుంది. ఆ తర్వాత అదీ ఊరిదే" అని చెప్పి మాయమైంది.

నాయుడు గీత చెక్కించి, రాతిపని చేసే వడ్డె గంగులును పిలిపించాడు. సంగతి విని గంగులు భార్య పైడమ్మ నవ్వింది. "బాగుంది బాబూ! ఇంకా రాని బండ్ల సుంకం మా కుండలో ఉడుకుతుందా?"

గంగులు అవతలి గట్టున తడుస్తున్న బుట్టలకేసి చూశాడు. "బండ్లు లేక కాదే, దారి లేక" అన్నాడు. తన గాడిదలన్నీ అమ్మి, కూలివాళ్లకు తిండి పెట్టి, రెండేళ్లలో వంతెన నిలబెట్టాడు.

తొలి వరద వచ్చింది. ఒక్క బండీ వంతెన ఎక్కలేదు. "రాళ్లు పేర్చి ఎక్కమంటే ఎలాగయ్యా? నీళ్లు తోస్తే మా ఎడ్లేం కావాలి?" అన్నారు కొండవాళ్లు. ధాన్యం గీత దగ్గరే ఆగింది. గంగులుకు ఒక్క గింజ రాలేదు.

"పిల్లలు పస్తుంటున్నారు బాబూ. గీత నాలుగు వేళ్లు కిందికి దింపు" అని బతిమాలాడు.

నాయుడికి కళ్లనీళ్లు తిరిగాయి. "దాని కిందది ముసలోళ్ల అంబలిరా. మా ఇంటి గాదెలోవి పట్టుకెళ్లు. గీత మాత్రం కదపలేను."

ఇది విని పైడమ్మ లేచింది. పొయ్యిరాళ్లు, కుండ, పిల్లల్ని తీసుకెళ్లి వంతెన కమాను కింద, నీటికి జానెడు పైనున్న దిమ్మె మీద కాపురం పెట్టింది. "పడితే ముందు మా నెత్తినే పడుతుంది, రండర్రా!" అని అవతలి గట్టుకు కేకేసింది. మూడు రోజులు వాగు హోరెత్తింది. కమాను కింద పొయ్యి ఆరలేదు.

నాలుగోనాడు పసుపు బస్తాల బండి ఒకటి వంతెన ఎక్కింది. తోలేది పసుపు చీర ముసలమ్మ. బండి ఇవతలికి వచ్చేసరికి మనిషి లేదు, దిగినచోట రాయి ఉంది. ఆ వెనకే బండ్లు బారులు తీరాయి. ఆ సంతకు ధాన్యం గీత దాటింది.

పన్నెండేళ్లూ గీత పైది గంగులు కొలుచుకున్నాడు, గాడిదల్ని మళ్లీ కొనుక్కున్నాడు. పదమూడో ఏట తొట్టంతా ఊరిదైంది. అంబలి కుండ పక్కన రెండో కుండ పొయ్యెక్కింది.

ఇప్పటికీ తొలి వరదనాడు గంగులు వంశంవాళ్లు కమాను కింద పరమాన్నం వండి తల్లికి నివేదిస్తారు. ఊరు ఏ పెద్ద పని తలపెట్టినా ముందు తల్లి ఎదుట గీత గీస్తారు. అలా మొదలైన పని మధ్యలో ఆగదని, ఆ పని వల్ల ఎవరి కుండా బోర్లించాల్సి రాదని నమ్మకం.

ఇక లేవండి. మీ అమ్మలు అన్నం వార్చేసి ఉంటారు. వంతెన దాటేటప్పుడు ఒకసారి కిందికి వంగి చూడండి, పైడమ్మ పొయ్యిరాళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. చూసి, తిన్నగా ఇంటికెళ్లి వేడివేడిగా తినండి.