రాళ్ళబోడు నుంచి వచ్చిన కూత

రండి, ఇలా దగ్గరికి జరగండి. అరుగు మీద చోటు చాలకపోతే ఆ చాప లాక్కోండి. అప్పలసూరీ, కాళ్ళు ముడుచుకో, సగం చాప నీ కాళ్ళకే పోయింది. గోడ పక్కన నిలబడ్డ ఇటుకబట్టీ పిల్లలూ, మీరూ రండమ్మా. కథ వినడానికి మీది ఏ ఊరని ఇక్కడెవరూ అడగరు. నా మాట ఎక్కడన్నా అర్థం కాకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెప్తాను. మంగతాయీ, కాస్త అటు జరిగి వాళ్ళకి చోటివ్వు. ఆఁ, ఇప్పుడు వినండి.

అనగనగా, ఏటికి అవతల ఒక అడవి ఉండేది. ఆ అడవిలో దుప్పులూ కొండముచ్చులూ కలిసి బతికేవి. కొండముచ్చులు చెట్టెక్కి ఆకులు కోసి, సగం తిని సగం కింద పారేసేవి. కింద పడ్డవి దుప్పులు తినేవి. దుప్పులకి ముక్కు చురుకు. కొండముచ్చులకి కన్ను చురుకు. అలా ఒకరికొకరు సరిపోయేవారు.

అడవి మధ్యలో పొడుగాటి మద్దిచెట్టు ఒకటి ఉండేది. దాన్ని కూతచెట్టు అనేవారు. దాని చిటారుకొమ్మన ఒకరు కాపలా కూర్చునేవారు. చిరుతపులి కంటబడగానే 'ఖక్, ఖక్' అని కూత వేసేవారు. ఆ కూతకి ఒక పద్ధతి ఉంది. కూత విన్నవాళ్ళు వెంటనే పారిపోకూడదు. ముందు తమ గొంతుతో దాన్ని పక్కవాళ్ళకి అందించాలి. తరువాతే పరుగు. దుప్పి 'కూ' అనేది, నెమలి కేక వేసేది, ఉడత కిచకిచలాడేది. అలా ఒక నోటి నుంచి ఇంకో నోటికి కూత అడవి చివరిదాకా పోయేది. అందుకే చిరుతపులి చాలాసార్లు ఖాళీ కడుపుతో వెనక్కి వెళ్ళేది.

కూతచెట్టు మీద కాపలా ఉండేది పోలమ్మ. నడివయసు కొండముచ్చు. మాట కటువు, కన్ను నిక్కచ్చి. కొమ్మ మీద కూర్చుందంటే ఆకలి కూడా గుర్తుండేది కాదు. కింద మేసే దుప్పులు ఆమె తోక వేలాడుతుంటే చాలు, ధైర్యంగా తల వంచి మేసేవి.

ఒక వేసవిలో కొండల అవతల నుంచి కొండగొర్రెల మంద ఒకటి వచ్చింది. ఒంటి నిండా గాట్లు. వాటి కొండని రేచుకుక్కల గుంపు ఆక్రమించుకుంది. దొరికినవాటిని చంపి, మిగతావాటిని తరిమేసింది. మందలో సుంకి అనే తల్లి ఉంది. దాని వెంట కుంటుతూ నడిచే చిన్న కూన, చూపు మందగించిన ముసలి తల్లి. సుంకి దుప్పుల దగ్గరికి వచ్చి పచ్చగడ్డి అడగలేదు. అడవి చివర రాళ్ళబోడు అనే రాతిగుట్ట మీద ఎండుగడ్డి ఉంది కదా, దాని మీద బతుకుతామంది. తమ దాకా కూత అందితే చాలంది.

దుప్పుల పెద్ద గౌరయ్య. కొమ్ములు చూస్తే ఎండిన చెట్టులా ఉండేవి. సరే ఉండండి అన్నాడు. కానీ మందలో గుసగుసలు మొదలయ్యాయి. వాటి వాసన వేరట. వాటి మాట వేరట. ఏట్లో నీళ్ళు తగ్గింది వానలు లేక, కానీ వాటివల్లే తగ్గాయన్నాయి. ఒక దుప్పి అయితే, కొండగొర్రె మగవాటికి నాలుగు కొమ్ములుంటాయి, రెండు చాలనివాళ్ళని ఎలా నమ్మడం అంది. అందరూ నవ్వారు. నవ్వు మంచిదే పిల్లలూ, కానీ దేన్ని చూసి నవ్వుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

ఈ గుసగుసలు చిరుతపులి చెవిన పడ్డాయి. ఒకనాడు అది పట్టపగలే ఏటి అవతలి గట్టు మీదికి వచ్చి కూర్చుంది. పోలమ్మ కూత వేసింది. దుప్పులన్నీ లేచాయి. చిరుత మాత్రం కదల్లేదు. కాలు నాక్కుంటూ, ఇంటికొచ్చిన చుట్టంలా మెల్లగా మాట్లాడింది.

"గౌరయ్యా, నాకు నీతో పగ ఏముంది? నీ మంద జోలికి ఇక రాను. నేను రాళ్ళబోడు వైపు వెళ్ళినప్పుడు మీ చెట్టు మీద గొంతు కాస్త ఊరుకుంటే చాలు."

ఆ మాట చెప్పి వెళ్ళిపోయింది. గౌరయ్య అందర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. తనకూ పసికూన ఉంది. అది మొన్న మొన్ననే గడ్డి కొరకడం నేర్చుకుంది. గౌరయ్య చాలాసేపు ఆ కూన వైపే చూశాడు. చివరికి, ఇక నుంచి కూత ఈ అడవిలో పుట్టినవాళ్ళకే అని తీర్పు చెప్పాడు.

పోలమ్మ ఒప్పుకోలేదు. కూతకి పుట్టుక అడిగే పద్ధతి ఎప్పుడూ లేదంది. గౌరయ్య గట్టిగా మాట్లాడలేదు. గొంతు తగ్గించి, "నీకూ పిల్లలున్నారు పోలమ్మా. ఆలోచించుకో," అన్నాడు. పోలమ్మ తన పిల్లల వైపు చూసింది. నోరు మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే చిరుత రాళ్ళబోడు ఎక్కింది. పోలమ్మ చూసింది. కూత గొంతుదాకా వచ్చింది. చేత్తో నోరు నొక్కుకుంది. మిగతా కొండగొర్రెలు ఎలాగో తప్పించుకున్నాయి. చూపు ఆనని ముసలిది తప్పించుకోలేకపోయింది.

ఎండెక్కాక సుంకి కూతచెట్టు కిందికి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. తలెత్తి ఒక్కటే అడిగింది.

"అక్కా, నువ్వు చూశావా?"

పోలమ్మ అబద్ధం చెప్పొచ్చు. ఎండ కళ్ళలో కొట్టిందనొచ్చు. కునుకు పట్టిందనొచ్చు. కానీ తలెత్తి చూస్తున్న ఆ ముఖం ముందు ఆ మాటలేవీ రాలేదు.

"చూశాను," అంది.

సుంకి వెనక్కి తిరిగింది. కుంటి కూనని ముందు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

ఏంటి మంగతాయీ? పోలమ్మ అప్పుడే ఎందుకు అరవలేదనా? భయపడిందమ్మా. చెడ్డదై కాదు. మంచివాళ్ళు కూడా భయపడతారు. అయితే భయపడ్డాక ఏం చేస్తారన్నది ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అది చెప్తాను విను.

చిరుత రెండోసారి రాళ్ళబోడు వైపు వెళ్ళింది. ఈసారి పోలమ్మ రెండు చేతులతో కొమ్మ గట్టిగా పట్టుకుంది, నోటి మీదికి చెయ్యి పోకుండా. గొంతు చిరిగేలా కూత వేసింది. కొండగొర్రెలు రాళ్ళ సందుల్లోకి దూరాయి. చిరుత ఉత్తచేతులతో వెనక్కి తిరిగి, మద్దిచెట్టు వైపు ఒక చూపు చూసి పోయింది.

ఆ చూపుకి దుప్పుల మంద మొత్తం వణికిపోయింది. గౌరయ్య పోలమ్మని చెట్టు దిగమన్నాడు. సాటి కొండముచ్చులు కూడా ఆమె తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. పైగా ఒకటి, పరాయివాళ్ళ మీద అంత ప్రేముంటే వాళ్ళ దగ్గరే కాపురం పెట్టమని ఎత్తిపొడిచింది.

"మంచి మాట చెప్పావు," అంది పోలమ్మ. పిల్లల్ని వీపున ఎక్కించుకుని రాళ్ళబోడు దారి పట్టింది.

రాళ్ళబోడు మీద చెట్టంటూ ఉన్నది ఒకటే. చండ్రచెట్టు, ఒళ్ళంతా ముళ్ళు. పోలమ్మ అదే ఎక్కి కూర్చుంది. ముళ్ళు గుచ్చుకుంటుంటే ఒక చేత్తో పీక్కుంటూనే కళ్ళు మాత్రం లోయ మీద ఉంచేది. కొండగొర్రెలు మొదట దగ్గరికి రాలేదు. ఎలా వస్తాయి? పోలమ్మ కూడా రమ్మనలేదు. చిరుత వచ్చిన ప్రతిసారీ కూత వేసేది, అంతే. అలా వేయగా వేయగా, ఒకరోజు సుంకి తన కూనని తెచ్చి చండ్రచెట్టు నీడలో పడుకోబెట్టింది. ఆ రోజు నుంచి పోలమ్మ వాటికి కూత పద్ధతి నేర్పింది. ముందు అందించు, తరువాత పరుగెత్తు. కొండగొర్రెల కూత ముక్కుతో ఊదినట్టు ఉంటుంది. చిన్నదే, కానీ రాళ్ళకి తగిలి చాలా దూరం పోతుంది.

అటు కూతచెట్టు మీద బైరాగి అనే కొండముచ్చుని పెట్టారు. చెప్పిన మాట వినే రకం. రాళ్ళబోడు వైపు కూత వేయొద్దన్నారు కాబట్టి మొదట్లో అటు చూసి ఊరుకునేవాడు. చూసి ఊరుకోవడం కష్టంగా ఉండేది. అందుకని మెల్లగా అటు చూడటమే మానేశాడు. వీపు రాళ్ళబోడు వైపు పెట్టి, ముఖం ఏటి వైపు పెట్టి కూర్చోవడం అలవాటైపోయింది. కింద దుప్పులు కూడా అంతే. చిరుత ఏటి దారిన రావడం మానేసింది కదా. హాయిగా ఉందన్నాయి.

చిరుతకి రాళ్ళబోడు మీద ఇక ఏమీ దొరకడం లేదు. ఆకలి పెరిగింది. అది కూర్చుని ఆలోచించింది. మద్దిచెట్టు మీద కాపలావాడి వీపు ఎటుందో గమనించింది. మాట ఇచ్చింది కదా అంటారా? ఆకలేసే దాకానే దాని మాట.

ఒకనాటి సాయంత్రం, ఎండ ఇంకా చెట్ల మీద ఉండగానే, చిరుత రాళ్ళబోడు పక్కనున్న వాగు పల్లంలో దిగింది. పొట్ట నేలకి ఆనించి కదిలింది. పోలమ్మ చూసింది. చిత్రంగా అది కొండగొర్రెల వైపు తల కూడా తిప్పలేదు. నేరుగా దుప్పులు మేసే పచ్చిక వైపు పోతోంది. అక్కడ పల్లం ఒడ్డున గౌరయ్య కూన ఒక్కతే మేస్తోంది.

చండ్రచెట్టు కింద కొండగొర్రెలన్నీ అటే చూస్తున్నాయి. పడుచు పొట్టేలు ఒకటి మెల్లగా, దాన్ని పోనివ్వమంది. మన కోసం వాళ్ళు నోరు విప్పారా అని అడిగింది. ఇప్పుడు కూత వేస్తే చిరుత కోపం మన మీదికి తిరుగుతుందంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

పోలమ్మ నోరు తెరవబోయి ఆగింది. సుంకి వైపు చూసింది. కూత వేస్తే ఆపద వచ్చేది ఆ మందకే. తల్లిని పోగొట్టుకున్నది సుంకి.

సుంకి తన కూనని పోలమ్మ చెట్టు మొదట్లోకి నెట్టింది. తను బండ మీదికెక్కి నిలబడింది.

"మా అమ్మని చిరుత ఒక్కటే చంపలేదు. చూసి ఊరుకున్నవాళ్ళు కూడా చంపారు. నేను వాళ్ళలో చేరను," అంది. ముక్కెగరేసి కూత వేసింది.

పోలమ్మ అందుకుంది. పడుచు పొట్టేలు తల వంచుకుని ఒక్క క్షణం నిలబడి, తనూ అందుకుంది. మంద మొత్తం అందుకుంది. రాళ్ళు ఆ కూతని పచ్చిక మీదికి విసిరాయి.

కింద దుప్పులు విన్నాయి. విని కూడా, అది రాళ్ళబోడు కూత కదా, మనది కాదులే అనుకుని మేత ఆపలేదు. చూశారా, ఎంత అలవాటు పడిపోయాయో. ఒక ముసలి దుప్పి మాత్రం తలెత్తి గాలి వాసన చూసింది. చిరుత వాసన. కాళ్ళు నేలకేసి కొట్టి 'కూ' అంది. అప్పుడు బైరాగి వెనక్కి తిరిగాడు. అప్పుడు గౌరయ్య పరుగెత్తాడు. చిరుత దూకింది. కూన పక్కకి గెంతింది. పంజా తొడకి తగిలి చర్మం చీల్చింది. అంతలో గౌరయ్య కొమ్ములు మధ్యలోకి వచ్చాయి. చిరుత ఆ కొమ్ములు చూసి, చుట్టూ ముసిరిన కేకలు విని, పొదల్లోకి జారుకుంది.

కూన బతికింది. తొడ మీద మచ్చ మాత్రం ఉండిపోయింది.

పొద్దు వాలకముందే గౌరయ్య రాళ్ళబోడు ఎక్కాడు. మంద వెనకాలే వచ్చింది. అతను పోలమ్మని మళ్ళీ కూతచెట్టు ఎక్కమని అడిగాడు. పోలమ్మ ముల్లు పీక్కుంటూ, ఎక్కుతాను గానీ ముందు మూడు మాటలు ఒప్పుకోమంది. కూత ఊపిరి ఉన్న ప్రతివాళ్ళకీ. కాపలాలో కొండగొర్రెలకీ వంతు. ఒకరి ప్రాణం మీద ఇంకొకరు చిరుతతో బేరం ఆడకూడదు. గౌరయ్య మూడింటికీ తల ఊపాడు.

తరువాత సుంకి వైపు తిరిగాడు. అంత పెద్ద కొమ్ములూ నేలకి ఆనేలా వంగాడు. తప్పు చేశానన్నాడు.

సుంకి ఒక అడుగు ముందుకు వేసింది. తరువాత ఇలా అంది.

"మా అమ్మ తిరిగి రాదు పెద్దయ్యా. పోనీలే అని ఇప్పుడే అనలేను. కానీ రేపు పొద్దున నీ కూన మేసేటప్పుడు నేను కాపలా కాస్తాను. నా కూన మేసేటప్పుడు నువ్వు కాయి."

మర్నాడు పొద్దున అలాగే జరిగింది. తొడ మీద మచ్చ ఉన్న కూనా, కుంటి కూనా ఒకే పచ్చిక మీద మేశాయి. ఒకవైపు సుంకి, ఇంకోవైపు గౌరయ్య. పైన మద్దిచెట్టు మీద పోలమ్మ నాలుగు దిక్కులా చూస్తూ కూర్చుంది.

ఏమిటి అప్పలసూరీ? మనుషులు కూడా ఇలా చేస్తారా అనా? చేస్తారురా. ఈ లోకంలో చాలా చోట్ల చేస్తున్నారు. ఇళ్ళు తగలబెట్టి ఊళ్ళకి ఊళ్ళనే తరిమేస్తున్నారు. మాట వేరని, దేవుడు వేరని, ఒంటి రంగు వేరని కొడుతున్నారు. నిజం చెప్పినవాళ్ళని జైల్లో పెట్టి, ఎందుకు పెట్టారో కూడా చెప్పడం లేదు. నీ అంత పిల్లల చేత బరువులు మోయిస్తున్నారు. చేసేవాళ్ళు కొద్దిమందే. చూసి మనవాళ్ళు కాదులే అనుకునేవాళ్ళే ఎక్కువ. ఆ ఎక్కువమందిలో మీరు చేరకండి. మీరు చిన్నవాళ్ళే, గొంతూ చిన్నదే. సుంకి గొంతు కూడా చిన్నదే.

సరే, లేవండి. మీ ఇళ్ళల్లో అన్నం వార్చేసి ఉంటారు, వేడిగా ఉండగానే తినండి. చాప దులిపి లోపల పెట్టండి. ఇంకొక మాట. కల్లుపాక మలుపులో కుక్కలుంటాయి కదా. అవి మిమ్మల్ని ఎరుగును, ఈ బట్టీ పిల్లల్ని ఎరగవు. అప్పలసూరీ, మంగతాయీ, వాళ్ళని ఆ మలుపు దాటించి అప్పుడు మీ ఇళ్ళకి వెళ్ళండి.

నీతి: ఆపదలో ఉన్నది ఎవరని అడగకుండా గొంతు విప్పాలి, ఒకరిని రక్షణ లేకుండా వదిలేసిన దారినే అందరి మీదికీ ఆపద వస్తుంది.