బొట్లమ్మ కొత్త ముక్కు

కొండ దిగువన తుమ్మచెట్ల మధ్య ఒక గొర్రెల దొడ్డి ఉండేది. అందులో నుదుట నల్లమచ్చ ఉన్న గొర్రెను అందరూ బొట్లమ్మ అనేవారు. దానికి ఒక్కడే కొడుకు, బుడిగాడు. వాడొకసారి ముళ్ళకంచెలో ఇరుక్కుపోతే, బొట్లమ్మ తల దూర్చి బయటికి లాగింది. వాడు క్షేమంగా వచ్చాడు గానీ, తల్లి ముక్కు ముల్లుకు చిక్కి పెదవి దాకా చీలిపోయింది.

నొప్పి ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. మందలోని పిల్లలు "మీ అమ్మ చీలుముక్కుది" అని బుడిగాణ్ణి ఏడిపించేవి. ఒకరోజు మేత దగ్గర తల్లి పిలిస్తే, వాడు పలక్కుండా వేరే గొర్రె చాటుకు తప్పుకున్నాడు. ఆ పూట బొట్లమ్మ మేత మానేసి, ఒక మూల కూర్చుని ఏడ్చింది.

పక్క దొడ్డిలో ఉండే గడ్డం మేక అది చూసి దగ్గరికొచ్చింది.

"ఏడుస్తూ కూర్చుంటే అతుక్కుంటుందా? గిజిగాడి దగ్గరికి వెళ్ళవే. గూడు అల్లినంత ఒడుపుగా తోలు కుడతాడు. మాట పెళుసు, పని మంచిది."

"అలాగే అత్తా" అని బొట్లమ్మ బయలుదేరింది.

గిజిగాడు మూతి మీద వాలి, చీలికను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కుడతా. కానీ వానలు వెళ్ళనీ. ఈ చెమ్మలో కుడితే చీము పడుతుంది."

"మచ్చ ఉండదు కదా మామా?"

"ఉంటుంది, సన్నని గీతలా. ఉండదన్నవాడి దగ్గరికి మాత్రం పోకు."

"జింకకు మల్లే నాజూగ్గా చెయ్యవా?"

"ముక్కు లోపల నేను వేలు పెట్టను. గొర్రెవి నువ్వు. నీ సంసారమంతా ఆ ముక్కులోనే ఉంది. నా మీద నమ్మకం లేకపోతే నేను కుట్టినవాళ్ళను అడుగు. వాగు ఒడ్డున దున్నపోతు ఉంది. అడవిపందికి కుట్టింది నా చేతిలో చెడింది. ముందు ఆ పందినే అడుగు."

నిజం నిష్ఠూరం అంటారు కదా, బొట్లమ్మ మనసు చివుక్కుమంది. చెడగొట్టానని తన నోటితో తనే చెప్పుకునేవాడు ఏం వైద్యుడు అనుకుంది. అడవిపందినీ అడగలేదు, దున్నపోతునూ అడగలేదు.

తిరుగుదారిలో నక్క బొరియ ముందు పెద్ద బారు కనిపించింది. ఉడుత, గాడిద, నెమలి, ఇంకా ఎవరెవరో మొహాలకు మోదుగాకులు చుట్టుకుని వరసగా కూర్చున్నారు. బారు కనిపిస్తే గొర్రె కాళ్ళు ఆగవు. ఇంతమంది వచ్చారంటే మంచి చోటే అయ్యుంటుందనుకుని, వెళ్ళి చివర నిలబడింది.

"రా చెల్లెమ్మా! ఇంత చక్కని మొహానికి ఎంత కష్టం వచ్చింది!" అంటూ నక్క ఎదురొచ్చాడు.

"నువ్వు మాంసం తింటావు కదన్నా?"

"శివశివా! వైద్యం పట్టాక మానేశా. అదిగో, ఆ గట్టు మీద మేస్తున్న చుక్కల జింకను చూడు. పోయినేడు దాని మొహం చూసి పిల్లలు జడుసుకునేవాళ్ళు. ఇప్పుడు చూడు, నా చేతి చలవ!"

జింక పిలిచినా వినపడనంత దూరంలో ఉంది. దూరపు కొండలు నునుపు.

"వీళ్ళను అడగనా?" అని బొట్లమ్మ బారు వైపు చూసింది.

"అడుగు తల్లీ, అడ్డెవరు? వాళ్ళు పలకకూడదంతే. నోరు కదిపితే కుట్లు ఊడతాయి. అందుకే మూతి కూడా కట్టేస్తా."

"మరి మచ్చ?"

"మచ్చా? అదెలా ఉంటుందో నాకు తెలీదు. నిన్ను చూసి నీ కొడుకే, ఈ అందగత్తె మా అమ్మేనా అనుకుంటాడు."

కొడుకు మాట వినగానే బొట్లమ్మ కరిగిపోయింది. వైద్యం కూలి కింద వీపు మీది ఉన్ని అంతా ఒలిచి ఇచ్చింది. నక్క ముందు దాన్ని పరుపుకు సర్దుకుని, తర్వాత ముక్కు పట్టుకున్నాడు. పైన చెక్కాడు, లోపల తొలిచాడు, రక్తం ఆగడానికని జిల్లేడు పాలు పోశాడు. లోపలంతా నిప్పు పెట్టినట్టు మండింది. కేక పెట్టేలోపే మూతికి ఆకులు చుట్టి, అందరికీ కనిపించేలా బారు మొదట్లో కూర్చోబెట్టాడు.

అంతలో ఒక ముంగిస వచ్చింది. "అక్కా, బాగా చేస్తాడా?"

వద్దు, పారిపో అని చెప్పాలని బొట్లమ్మ గింజుకుంది. నోరు తెరుచుకోలేదు, కళ్ళ వెంట నీళ్ళు మాత్రం కారాయి.

"చూశావా, ఆనందబాష్పాలు!" అన్నాడు నక్క. ముంగిస వెళ్ళి చివర కూర్చుంది.

ఆకులు విప్పాక చూస్తే, ముక్కు నిజంగానే నాజూగ్గా ఉంది. మందంతా చుట్టూ చేరి ముచ్చటపడింది. సాయంత్రం పిల్లలు పాలకు పరుగెత్తుకొచ్చాయి. బుడిగాడు అందరికంటే ముందున్నాడు.

"అమ్మా, ఎంత బాగున్నావే!" అంటూ పొదుగు కింద దూరాడు.

పిల్లను వాసన చూడనిదే ఏ గొర్రే పాలివ్వదు. బొట్లమ్మ వంగి వాసన చూసింది. ఏమీ తగల్లేదు. మళ్ళీ చూసింది. గడ్డి లేదు, మట్టి లేదు, కొడుకు లేడు. ఒళ్ళు బెదిరి వాణ్ణి తలతో కుమ్మేసింది.

"అమ్మా, నేనే!"

"తెలుసురా నాయనా. నీ గొంతు నాకు తెలీదా? రా, తాగు" అని ఏడుస్తూ నిలబడింది. మనసుకు తెలిస్తే సరిపోదు, బిడ్డ వాసన తగిలితేనే గొర్రెకు పాలు చేపుతాయి. వాడు పొదుగును పొడిచి పొడిచి అలిసిపోయాడు. పొదుగు నిండుగానే ఉంది, చుక్క మాత్రం దిగలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ గిజిగాడి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ముక్కు లోపలికి తొంగి చూశాడు.

"చీలింది కుట్టగలను తల్లీ. కాలిపోయింది తేలేను" అన్నాడు. ఈసారి మాట పెళుసుగా లేదు.

చివరికి గడ్డం మేకే దారి చెప్పింది. "వాణ్ణి నా పిల్లతో కలిపి పడుకోబెట్టు. దాని వాసన వీడికి అంటుకుంటే నా పాలు చేపుతాయి. వీడు బతుకుతాడు."

బొట్లమ్మ తనే వాణ్ణి మెల్లగా నెట్టుకుంటూ పక్క దొడ్డిలో వదిలి వచ్చింది. వాడు బతికాడు, బలిశాడు, మేకల వెంట గట్లు ఎక్కడం నేర్చాడు.

వానలు వెళ్ళాక ఒకనాడు, మేత దగ్గర "అమ్మా!" అని వాడి గొంతు వినపడింది. బొట్లమ్మ గబుక్కున తలెత్తి "ఏం నాయనా!" అంది.

వాడు ఆగి, ఆ అందమైన మొహాన్ని మర్యాదగా చూశాడు. "నిన్ను కాదత్తా" అని మేక దగ్గరికి పరుగెత్తాడు.

నీతి: నీ మొహం ఒకరి చేతికి అప్పగించే ముందు, ఆ చెయ్యి దిద్దిన మొహాన్ని దగ్గరికెళ్ళి పలకరించు.