వెంపలి తొక్కిన కదిరక్క

అనగా అనగా, మా ముత్తవ్వకి ముత్తవ్వ పుట్టకముందు మాట. ఊఁ కొడుతూ వినండి, కొట్టకపోతే నేను చెప్పను.

కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో కదిరక్క అని ఒక ఆడమనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మిగిలిందల్లా పల్లంలో ఒక చవుడు మడి. ఉప్పు పేరుకుని తెల్లగా ఉండేది, గడ్డి కూడా మొలిచేది కాదు. మూడేళ్లు పంట రాని మడిని ఊరి మేతబీట్లో కలిపెయ్యాలని ఆ ఊరి కట్టు. మడి కదిరక్క చేతికొచ్చిన నాటి నుంచి ఆ మూడేళ్ల లెక్క. ఆ మడి పోతే కదిరక్కకి నా అన్నది ఏదీ లేదు.

పెదకాపు ఓబిరెడ్డి ఇంటికి పోయింది. "అయ్యా, ఒక్క పూట అరక ఇప్పించు" అంది.

"నీ మడికి నా ఎద్దులు రావు. విత్తే మళ్లో ముండమోపి ముందడుగు పడితే పైరుకి చేటు. ఆ మాత్రం తెలీదూ?" అన్నాడు ఓబిరెడ్డి.

చూశారా ఆ నోరు! నరం లేని నాలుక, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

కదిరక్క రాత్రంతా ఏడ్చింది. పొద్దున్నే పంటిపుల్లకని బీట్లో వెంపలి మొక్క పట్టి లాగింది. వెంపలి తెలుసుగా? మోకాలెత్తు మొక్క, ఊదారంగు పూలు, చిన్న చిన్న చిక్కుడుకాయల్లాంటి కాయలు. ఎండకి పైన మాడినా, చినుకు పడితే వేరులోంచి మళ్లీ లేస్తుంది. చేలో కనబడితే చాలు, రైతులు పీకి పారేస్తారు. ఆ రోజు వేరుతో పాటు మన్ను పెల్లగిలింది. బీడంతా తెల్ల మన్ను. వెంపలి కింద మాత్రం నల్లగా, మెత్తగా ఉంది.

"దీనికి ఎద్దులెవరిచ్చారు?" అనుకుంది కదిరక్క.

వాన పడి మళ్లో నీళ్లు నిలిచాయి. కదిరక్క వెంపలి కోసింది, మోసింది, మళ్లో పరిచి కాళ్లతో తొక్కింది. అది కుళ్లాక, కూలికి వచ్చిన వడ్లలోంచి దాచుకున్న దోసెడు గింజలు చల్లింది.

గట్టు మీద జనం ఒకటే నవ్వులు. "ఏం కదిరక్కా, వెంపలి చెట్టుకి నిచ్చెన వేస్తున్నావా?"

"వేస్తున్నా, వచ్చి పట్టుకోండి!" అంది.

మొదటేడు మొలక వచ్చింది. వారానికే ఉప్పుకి మాడిపోయింది. కదిరక్క గట్టున కూలబడి గొంతెత్తి ఏడ్చింది.

రెండో ఏడు మళ్లీ కోసింది, మోసింది, తొక్కింది. పైరు మోకాలిదాకా లేచింది. చేటలో పోసి చెరిగితే అంతా తాలే. "తాలైతేనేం, లేచింది కదా" అనుకుంది.

మూడో ఏడు మళ్లీ కోసింది, మోసింది, తొక్కింది. పాదాలు పగిలి నెత్తురు కారింది. అయినా ఆగలేదు.

గడువు తీరిన రోజు ఓబిరెడ్డి ఊరి పశువుల్ని తోలుకుని మడిని మేతబీట్లో కలపడానికి వచ్చాడు. వచ్చి గట్టు మీదే నిలబడిపోయాడు. నడుమెత్తు పైరు! వంగిన వెన్నులు!

"ఎవరు విత్తారు?"

"నేనే."

"మరి ముందడుగు?"

"నాదే. వెనకడుగూ నాదే."

ఓబిరెడ్డి పశువుల్ని వెనక్కి మళ్లించాడు. మడి కదిరక్కకే దక్కింది.

ఆ మరుసటేడు చవుడు ఓబిరెడ్డి మళ్లలోకీ పాకింది. అరక దున్నినా, పెంట తోలినా గింజ మొలవలేదు. చివరికి కదిరక్క గుడిసె ముందుకొచ్చి తలొంచుకుని నిలబడ్డాడు.

"కదిరక్కా, వెంపలి కోయించాను. ముందడుగు నువ్వు వెయ్యాలి."

"పైరుకి చేటన్నావు కదయ్యా?"

"అన్నాను తల్లీ. గడ్డి తిని అన్నాను."

నేనైతే పో పొమ్మనేదాన్ని. కదిరక్క అలాంటిది కాదు. చీర పైకి దోపి మళ్లోకి దిగింది. ఆ ఏడు ఓబిరెడ్డి మడి పండింది. ఆ తర్వాత ఊళ్లో ఏ మడి తొక్కాలన్నా కదిరక్కనే పిలిచారు. పండు ముసలిదై కన్నుమూసేదాకా తొక్కింది.

ఇప్పటికీ ఆ కొండ కింద పల్లెల్లో విత్తే ముందు "కదిరక్క అడుగు పడిందా?" అని అడుగుతారు. వెంపలి తొక్కే రోజు మొగుడు పోయిన ఆడమనిషిని పేరు పెట్టి పిలుచుకొస్తారు. ఊరి పెద్ద చెంబుతో నీళ్లు పోసి ఆమె కాళ్లు కడుగుతాడు. ముత్తయిదువులంతా గట్టు మీద ఆగుతారు. మళ్లోకి ముందు దిగేది ఆమె.