దివాణపు గూడుబండి

శ్రావణ శుద్ధ పంచమి, శుక్రవారం, నాలుగు ఘడియల పొద్దెక్కింది. బుట్టలల్లే మా ముత్తాత చినవీరన్న దివాణం ముంగిట నిలబడ్డాడు. ఆయన పొడుగుబండి వెదురు తోలడానికి బాగుండేది గానీ, అవతలి ఒడ్డున అమ్మవారి గుడికని ఏరు దాటితే పిల్లల ఒళ్ళోకి నీళ్ళొచ్చేవి. అందుకని దాన్నిచ్చి, దివానుగారు వాడి వదిలేసిన ఎత్తుచక్రాల గూడుబండి తీసుకుందామని వచ్చాడు.

వంగి చూస్తే ఇరుసుకు ఒకచోట కొత్తగా లక్క మెత్తి ఉంది. దాని కింద చీలికే ఉంటుందని ఆయనకు తెలిసిపోయింది. నడి ఏట్లో విరిగితే పిల్లలు దక్కరు. ఆ మాట పైకంటే వీపు చిట్లుతుంది.

"ఏరా, దివాణం బండికే వంకలు వెతుకుతున్నావా? రాయిలాంటి బండిరా!" అన్నాడు దివాను.

"ఎంతమాట దొరా! మాదొక ఆచారం. బండి ఇచ్చినవారి అమ్మగారు ముందు ఎక్కి ఏరు దాటి వస్తేగానీ మా ఆడవాళ్ళు కాలు పెట్టరు. పెద్దమ్మగారిని పిలవమంటారా?"

దివాను మొహం పాలిపోయింది. "ఉండరా... ముందు ఆ ఇరుసు మార్పిస్తాను" అన్నాడు మెల్లగా.

సాయంత్రానికి కొత్త తుమ్మ ఇరుసు పడింది. అమ్మవారి దయ, మా ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

తెల్లవారి బండికి పసుపు రాస్తుంటే, చేతికర్ర ఊతంగా పెద్దమ్మగారే వచ్చి నిలబడ్డారు. "మీ ఆచారమట కదరా వీరన్నా, నన్నెక్కించవేం?"

ఆ ఆచారం నిన్ననే పుట్టిందని చెప్పలేక, మావాళ్ళు ఆవిడను ముందు కూర్చోబెట్టుకుని, ఒక్కరి కాలూ తడవకుండా ఏరు దాటి, అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వచ్చారు.