'ట' చెల్లని బండ

చెలమబండ అంటే ఆ అడవిలో అందరికీ భయమూ భక్తీ రెండూనూ. ఎండాకాలం వాగు ఎండిపోయాక, ఆ బండ పక్కన ఇసుకలో ఒక్క చెలమలోనే నీళ్ళూరేవి. చిరుతపులి తాగినా అక్కడే, పిచ్చుక తాగినా అక్కడే. అందుకని ఏ తగువొచ్చినా తీర్పు ఆ బండ మీదే చెప్పేవారు. తప్పు రుజువైతే శిక్ష ఒక్కటే, ఇక చెలమ ముట్టకూడదు. కొట్టడాల్లేవు, కరవడాల్లేవు. నీళ్ళు లేవు, అంతే. వైశాఖమాసంలో ఆ మాట ఎంత పెద్దదో మీకు నేను వేరే చెప్పాలా!

తీర్పు చెప్పేది తాబేలవ్వ. ఆవిడ వయసెంతో ఆవిడకే తెలీదు. ఆవిడకో వింత పద్ధతి ఉంది. సాక్ష్యం చెప్పేవాళ్ళు మాట చివర 'ట' తగిలించారో, 'తిన్నాడట', 'వచ్చిందట' అన్నారో, ఆవిడ తల టక్కున డిప్పలోకి వెళ్ళిపోయేది. అన్నవాళ్ళు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా బయటికొచ్చేది కాదు. బతిమాలినా అంతే, బెదిరించినా అంతే. ఒకసారి చిరుతపులే 'అట' అని, పొద్దు వాలేదాకా ఆ డిప్ప ముందు నిలబడి, చివరికి తోక ముడిచి "తీసుకున్నానవ్వా" అంది.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. ఎప్పుడో ఒక దుప్పి మీద నలుగురూ నాలుగు 'అట'లు చెబితే, అందరూ నమ్మి దాన్ని చెలమకు దూరం చేశారు. మూడో నాడు అది ఎండిన వాగులో పడి చచ్చిపోయింది. తప్పు దానిది కాదని నాలుగో నాడు తెలిసింది. ఆ దుప్పి కొమ్ములు ఇప్పటికీ బండ పక్కన ఇసుకలో ఉన్నాయి. ఏ తగువు మొదలుపెట్టినా తాబేలవ్వ ముందు వాటి వంక ఒకసారి చూసేది.

ఆ ఏడు వైశాఖంలో కౌజుపిట్ట ఒకటి ఏడుస్తూ ఆ బండ దగ్గరికొచ్చింది. కౌజమ్మ అనేవాళ్ళు దాన్ని. గడ్డి దుబ్బు కింద దాని గూడు. పొద్దున్నే చెలమకెళ్ళి నాలుగు గుక్కలు తాగి వచ్చేసరికి గూట్లో నాలుగు గుడ్లూ లేవు. పెంకులు మాత్రం మిగిలాయి.

గూటి చుట్టూ గిరగిరా తిరుగుతూ ఏడుస్తుంటే నక్క వచ్చింది. అడవిలో ఎవరికి తగువొచ్చినా వాళ్ళ తరఫున మాట్లాడే వకీలు నక్కే. మాటకు ముందు 'బంగారూ', మాటకు వెనక 'బంగారూ'.

"ఏడవకు బంగారూ. ఇదిగో, దొంగ ఆనవాలు. నీ గూట్లోనే దొరికింది" అంటూ నలుపూ తెలుపూ చారలున్న ముల్లొకటి కౌజమ్మ ముందు పడేసింది.

ఆ ముల్లు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. గడ్డి దుబ్బు పక్కనే బొరియలో ముళ్ళపంది ముళ్ళయ్య ఉంటున్నాడు. నిన్నటిదాకా కౌజమ్మ నోరారా 'అన్నా' అని పిలిచిన పొరుగువాడు. అతను ముళ్ళు గలగలలాడిస్తే చాలు, ఆ ఛాయలకు దొంగజంతువేదీ వచ్చేది కాదు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను చూడు" అంది నక్క.

కౌజమ్మ ఒళ్ళు భగ్గుమంది. 'అన్నా అని పిలిపించుకుని నా కడుపు కొడతాడా! వాడు నీళ్ళకు ఏడవాలి, నేను చూడాలి' అనుకుంది. తిన్నగా చెలమబండకు ఎగిరొచ్చింది.

మధ్యాహ్నానికి అడవి అడవంతా బండ చుట్టూ చేరింది. ముళ్ళయ్య ఒక పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. అతని వెనకాల రెండు పసికూనలు, ఇంకా ముళ్ళు గట్టిపడనివి, ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. తండ్రిని చెలమకు దూరం చేస్తే అతనితో పాటు అవీ పోవాల్సిందే. ఇంకో చెలమ వెతుక్కుంటూ కొండ దాటే ఓపిక ఆ కూనలకు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే ఎవరూ వాటి వంక చూడటం లేదు.

తాబేలవ్వ ఇసుకలో కొమ్ముల వంక చూసింది. "ఊఁ, కానివ్వండి" అంది.

నక్క ముందు కుందేలును నిలబెట్టింది.

"గుడ్లు తిన్నది ముళ్ళయ్యేనట అవ్వా!" అంది కుందేలు ఉత్సాహంగా.

టక్. తల లోపలికి పోయింది.

"వెనక్కి తీసుకో బావా, వెనక్కి తీసుకో!" అని అరిచారందరూ.

"సరే సరే, తీసుకున్నా."

తల మెల్లగా బయటికొస్తోంది.

"ముళ్ళయ్యేనంట!" అంది కుందేలు.

సగం వచ్చిన తల మళ్ళీ టక్. 'అట'ను 'అంట' చేసినంత మాత్రాన ఊరుకుంటుందా ఆవిడ! కుందేలు చెవులు వాల్చేసి, "నాకేం తెలుసవ్వా, ఉడత చెప్పింది" అని తప్పుకుంది. ఉడతను పిలిస్తే, "నాకా? నాకు కుందేలు బావే చెప్పాడు!" అంది. బండ చుట్టూ నవ్వులు లేచాయి.

"మీరిద్దరూ పోయి నీళ్ళు తాగండి నాయనా" అంది తాబేలవ్వ.

"అది కాదవ్వా, నిప్పు లేనిదే పొగ రాదు కదా. అడవంతా ఒకటే మాట అనుకుంటోంది" అంది నక్క.

"చలికాలం పొద్దున్నే వాగు మీద లేచేది కూడా దూరానికి పొగలాగే ఉంటుంది. దగ్గరికెళ్తే మంచు. నువ్వు దగ్గరికెళ్ళినవాళ్ళను తీసుకురా" అందావిడ.

కౌజమ్మకు ఒళ్ళు మండిపోతోంది. 'గుడ్లు పోయింది నావి. ఎదురుగా దొంగ నిలబడి ఉన్నాడు. మధ్యలో ఈ ముసలావిడకు ఈ ట గోలేమిటి!' అనుకుంది. తన వంతు రాగానే ఒక్క ఎగురులో బండ మీద వాలింది.

"అవ్వా, నా గుడ్లు తిన్నది ఆ ముళ్ళయ్యే. అతని ముల్లు నా గూట్లో దొరికింది. ఇదిగో!"

తల లోపలికి పోలేదు. తాబేలవ్వ ఆ ముల్లు వంక ఒకసారి చూసి, కౌజమ్మ వంక చాలాసేపు చూసింది.

"ముల్లు ముళ్ళయ్యదే. ఆ మాట ముల్లే చెబుతోంది. కానీ గూట్లోకి ఎలా వచ్చిందో ముల్లు చెప్పలేదు, నువ్వు చెప్పాలి. దొరికిందా తల్లీ, దొరికిందటనా?"

కౌజమ్మ గుర్తు చేసుకుంది. పొద్దున గూడంతా కళ్ళ ముందు తిరిగింది. పెంకులున్నాయి. రాలిన ఈకలున్నాయి. గడ్డి చెదిరి ఉంది. ఎంత వెతికినా ఆ గూట్లో ముల్లు కనపడలేదు. నక్క తెచ్చి తన ముందు పడేసినప్పుడే మొదటిసారి చూసింది దాన్ని.

"నక్క వకీలు... తెచ్చి చూపించాడు" అంది.

"అంటే?"

"దొరికింద... ట."

ఈసారి టక్కుమనలేదు. తల మెల్లగా, చాలా మెల్లగా లోపలికి వెళ్ళింది. పక్కనే చెలమలో నీరూరే చప్పుడు కూడా వినపడింది. ఆ డిప్ప ముందు కౌజమ్మ ఒక్కతే నిలబడి ఉంది. దానికి పులి ముందు కూడా అంత భయం వేయలేదు. తన నోట్లో ఒక 'ట' దాక్కుని ఉందని తనకే తెలీదు! పొద్దున్నుంచీ దాన్ని కన్నుతో చూసినట్టే నమ్మింది. దాని మీద కూర్చుని ఇద్దరు పసివాళ్ళకు నీళ్ళు లేకుండా చేయబోయింది. పక్కకు చూస్తే ఇసుకలో దుప్పి కొమ్ములు కనిపించాయి. అమ్మో అనుకుంది.

"వెనక్కి తీసుకుంటున్నానవ్వా. నేను చూసింది పెంకులు. అంతే" అంది.

తల బయటికొచ్చింది. "అది చాలు. అది నీ సొంత మాట. దాని మీద నిలబడు" అంది తాబేలవ్వ.

నక్కకు కాళ్ళ కింద ఇసుక కదిలినట్టయింది. అయినా వకీలంటే వకీలే. "అవ్వా, కళ్ళతో చూసిన సాక్షే ఉంది. రా చిలకమ్మా, రా బంగారూ" అంది.

ఇప్పచెట్టు తొర్రలో ఉండే చిలక వచ్చి బండ మీద వాలింది. మెడ నిక్కించి గడగడా అప్పజెప్పింది: "నా కళ్ళతో చూశాను. ముళ్ళయ్య నాలుగు గుడ్లూ తిన్నాడు."

తిన్నాడు! 'ట' లేదు. తాబేలవ్వ తల బయటే ఉంది. ముళ్ళయ్య రెండు కూనలనూ దగ్గరికి లాక్కున్నాడు. "నేను కాదు తల్లీ" అన్నాడు గానీ ఆ మాట ఎవరికీ వినపడలేదు.

"ఎవరైనా అడగాల్సింది ఉంటే అడగండి" అంది తాబేలవ్వ.

అందరూ నేల చూపులు చూస్తుంటే అడిగింది ఎవరో తెలుసా? తగువు తెచ్చిన కౌజమ్మే. "చిలకమ్మా, ముళ్ళయ్యన్న ఎటు నుంచి వచ్చాడు?"

"నా కళ్ళతో చూశాను. ముళ్ళయ్య నాలుగు గుడ్లూ తిన్నాడు."

"అప్పుడు నువ్వెక్కడ ఉన్నావు?"

"నా కళ్ళతో చూశాను. ముళ్ళయ్య నాలుగు గుడ్లూ..."

కౌజమ్మ తాబేలవ్వ వంక చూసింది. ఆవిడ ముడతల మెడ కొంచెం ముందుకు సాగింది. "బాగా చెబుతున్నావు తల్లీ. అది మధ్యలోది కదూ? ఇంకొంచెం ముందు నుంచి చెప్పు" అంది ముద్దుగా.

చిలక జాతి సంగతి మీకు తెలిసిందే. కంఠతా పట్టిన మాట మధ్యలో అడిగితే తడబడతాయి. మొదటి నుంచీ చెప్పమంటే మాత్రం విన్నది విన్నట్టు, విన్న గొంతుతో సహా దించేస్తాయి. చిలకమ్మ కళ్ళు మూసుకుంది. దాని నోట్లోంచి నక్క గొంతు వచ్చింది.

"ఇటు చూడు బంగారూ. 'తిన్నాడట' అనకు, కొంప మునుగుతుంది. 'ట' వినపడితే ముసలిది తల లోపలికి లాక్కుంటుంది. 'నా కళ్ళతో చూశాను, ముళ్ళయ్య నాలుగు గుడ్లూ తిన్నాడు' అను. పేరుకే నాలుగు, ఒకటి మురిగిపోయింది. పొద్దున్నుంచీ నోరంతా కంపు, థూ! ఆ ముక్క వదిలేయ్. మళ్ళీ చెప్పు బంగారూ."

అందరికన్నా ముందు నక్కే తేరుకుంది. "చెల్లదు! చిలక విన్నమాట చెబుతోంది. విన్నమాట ఈ బండ మీద చెల్లదని నువ్వే కదా అవ్వా అన్నావు!"

నిజమే కదా అనుకుంది కౌజమ్మ. తాబేలవ్వ మాత్రం చలించలేదు.

"ఎవరో చేసిన పని గురించి ఇంకెవరో అన్న మాటైతే చెల్లదు. ఈ మాట నువ్వన్నావు. నీ నోట వచ్చింది, దీని చెవిన పడింది. గుడ్లు ఎవరు తిన్నారన్నదానికి చిలక సాక్షి కాదు, దాని కళ్ళు అక్కడ లేవు. నువ్వేమన్నావన్నదానికి మాత్రం దాని చెవే సాక్షి. అన్నది తప్పని చెప్పాలంటే నువ్వే ఉన్నావుగా ఎదురుగా, చెప్పు." ఆవిడ ఇటు తిరిగింది. "కౌజమ్మా, ఒకటి మురిగిందా?"

"మూడు వెచ్చగా ఉండేవవ్వా. ఒకటి ఎంత పొదిగినా చల్లగానే ఉండేది. నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఏమో, రేపటికి వెచ్చబడుతుందేమో అని పొదిగాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం."

అప్పుడు చూడాలి నక్క మొహం! కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూసి, "లేదు లేదు, కౌజమ్మే ఎవరితోనో అందట!" అనేసింది.

టక్.

బండంతా ఆ చప్పుడు మోగింది. నక్క నాలుక కరుచుకుంది. ఏం లాభం? మాట వెనక్కి తీసుకుందామా అంటే, మురుగుగుడ్డు సంగతి తనకెలా తెలిసిందో చెప్పుకోవడానికి ఇంకో మాట లేదు. తీసుకోకుండా ఉందామా అంటే డిప్ప తెరుచుకోదు. "వెనక్కి తీసుకో" అని ఈసారి ఒక్కరూ అరవలేదు. అడవి మొత్తం చేతులు కట్టుకున్నట్టు నిలబడి చూసింది. అన్ని జంతువుల కోరలూ గోళ్ళూ చేయలేని పని, ఆ బోర్లించిన డిప్ప మాట్లాడకుండా చేస్తుంటే కౌజమ్మ కళ్ళారా చూసింది. తెలియకుండానే తల వంచి దండం పెట్టింది.

ఇప్పచెట్టు నీడ బండ దాటేదాకా నక్క అలాగే నిలబడింది. నాలుక బయటికొచ్చింది. పక్కనే నీళ్ళు. ముట్టడానికి ధైర్యం చాల్లేదు. చివరికి ఎవరూ పొమ్మనకుండానే తిరిగి, కొండ దారి పట్టింది. అది కనుమరుగయ్యాకే తాబేలవ్వ తల బయటపెట్టి, "పిల్లలకు నీళ్ళు తాగించు ముళ్ళయ్యా" అంది.

కౌజమ్మ ముళ్ళయ్య దగ్గరికెళ్ళి, "అన్నా, నోరు జారాను" అంది. "నా ముళ్ళూ పదునే, నీ మాటా పదునే. రెండూ రాలేవేలే తల్లీ" అన్నాడతను.

తొలకరికి కౌజమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈసారి నాలుగూ వెచ్చగానే ఉన్నాయి. ఒకనాడు కుందేలు పరుగెత్తుకుంటూ వచ్చి, "విన్నావా, కొండ అవతల అడవిలో మన నక్క పెద్ద తీర్పరి అయిందట!" అంది.

కౌజమ్మ మారు మాట్లాడకుండా తల రెక్కల్లోకి దూర్చేసుకుంది.

విన్నమాటకు కాళ్ళెక్కువ, కళ్ళుండవు.